కాలిన చోటు

ముందు అగ్గిపుల్ల గీసిన వాసన వచ్చింది. అది ముక్కుపుటాల్ని ఒకసారి గిల్లి వదిలేసింది. వెనకే కాగితం అంటుకున్న వాసన, దాని వెనక పొగాకు. ఎప్పటిలాగే వరస తప్పకుండా వచ్చాయి మూడూ. కుడికంటికి పట్టీ, ఎడమకంటికి ఏనాటి నుంచో పట్టుకున్న మసక. కంటి ఆసుపత్రి గేటు బయట, గోడవారగా వేసిన సిమెంటు బెంచీ మీద కూర్చున్న, బట్టల చిల్లులు పూడ్చే రఫ్ఫు పిన్నికి ఆ ఉదయం లోకమంతా ముక్కులోంచే వస్తోంది. "లోపల నిలబడటానికి కూడా చోటు లేదు అత్తయ్యా, మన పిలుపు రాగానే వచ్చి తీసుకెళ్తాను, కదలొద్దు, పట్టీ మీద చెయ్యి పెట్టొద్దు, ఎవరితోనూ కబుర్లు పెట్టుకోవద్దు" అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పి వెళ్ళింది కోడలు. ఇంకో గంటలో పట్టీ తీస్తారట. దాని కింద ఏముందో ఇప్పటికి ఎవరికీ తెలియదు, కోసి కట్టిన డాక్టరమ్మకు కూడా. "చూపైతే వస్తుందండీ. సూదిలో దారం ఎక్కించే చూపా, మనుషుల్ని పోల్చుకునే చూపా అన్నది పట్టీ తీశాకే చెప్పగలను" అంది నిన్న, ఏ మాటా దాచకుండా. మనుషుల్ని పోల్చుకోవడానికి కళ్ళెందుకు, అనుకుంది పిన్ని. మనుషులు గొంతును బట్టి తెలుస్తారు, దగ్గును బట్టి తెలుస్తారు, చెప్పు ఈడ్చే తీరును బట్టి తెలుస్తారు. పోగు అలా కాదు. పోగు నోరు విప్పి ఇదిగో ఇక్కడున్నానని చెప్పదు.

"అమ్మా, ఇక్కడ కాల్చుకుంటే మీకేమైనా ఇబ్బందా?" బెంచీ అవతలి కొస నుంచి మగగొంతు. ముప్పై దాటిన మనిషి అయ్యుంటాడు. వెలిగించేసి అడుగుతున్నాడు, అయినా అడిగాడు. "గాలి ఎటు వీస్తోంది నాయనా?" అంది పిన్ని. "రోడ్డు వైపమ్మా." "అయితే ఆ కొసనే నిలబడు. నాకేం ఇబ్బంది లేదు." నిలబడ్డాడు. బూట్ల కింద ఇసుక కరకరమంది. అడగడం! పిన్ని లోపల్లోపలే నవ్వుకుంది. ఆవిడ చిన్నతనంలో సిగరెట్టు కాల్చడానికి ఎవరు ఎవరిని అడిగారు గనక. బస్సులో ముందు సీటాయన వదిలింది వెనక సీటు వాళ్ళు పీల్చుకునేవాళ్ళు, అదీ టికెట్టులో భాగమే అన్నట్టు. బడిలో లెక్కల మేష్టారు ఒక చేత్తో సుద్దముక్క, ఒక చేత్తో సిగరెట్టు పట్టుకుని, పరధ్యానంలో సుద్దముక్క నోట్లో పెట్టుకున్న పూట పిల్లలందరికీ కడుపుబ్బ నవ్వులే. జ్వరమని కబురు పెడితే వచ్చిన డాక్టరు నాలుక చాపమని పొగలోంచే చెప్పేవాడు. కొడుకు పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చిన చిన్నమామగారు ఉయ్యాల మీదికి వంగి, "అచ్చం మన పోలికే" అంటూ పసివాడి మొహాన ఇంత మబ్బు వదిలితే ఇంట్లో ఒక్కరు నోరు మెదపలేదు, పసివాడొక్కడే తుమ్మాడు. ఆ తర్వాత ఎప్పటికో అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు అడిగినా సరేననేవాళ్ళు లేరు. అదీ మంచికే, కాదని ఎవరంటారు. అనబోయినా కోడలు అననివ్వదు. ఆ పిల్ల చిన్నపిల్లలకు ఈత నేర్పుతుంది. నీళ్ళ అడుగున ఒక్కో గుక్క ఊపిరీ ఎంత అపురూపమో రోజూ చూసే మనిషికి, దాన్ని చేజేతులా పాడుచేసుకునేవాళ్ళంటే ఒళ్ళు మండదూ మరి. వీధిలో ఎవడైనా ఊదుతూ ఎదురైతే కోడలు చూసే చూపుకు సిగరెట్టు దానంతటదే ఆరిపోవాలి.

పిన్ని చూపు అలాంటిది కాదు. ఆవిడ ముందు మనిషిని చూసేది కాదు, బట్టను చూసేది. రఫ్ఫు అంటే అతుకు కాదు. ఆ మాట ఎవరైనా అంటే ఆవిడకు ఎక్కడలేని కోపం వస్తుంది. అతుకు వేయడానికి ఇంకో గుడ్డ కావాలి, రఫ్ఫుకు ఆ బట్టే కావాలి. కోటు కిందిమడతలో ఎవరి కంటా పడని చోటి నుంచి పోగు పోగూ లాగి, కాలిన అంచు కత్తిరించి, ముందు నిలువుగా పడుగు పోసి, తర్వాత అడ్డంగా పేక అల్లి, నేత ఎటు వంగితే సూదీ అటు వంగి, చివరకు తడిబట్ట పరిచి ఇస్త్రీ చేస్తే, ఎక్కడ కాలిందో కాల్చుకున్నవాడికే తెలియకూడదు. ఆ పనికి ఆవిడకు గిరాకీ తెచ్చిపెట్టినవి రెండే, చిమ్మటపురుగూ సిగరెట్టూ. చిమ్మటలది వానాకాలం ముచ్చట, సిగరెట్టుకు ఏడాది పొడుగునా మంచి రోజులే. కొడుకు చదువూ, ఇంటి పైకప్పూ, కొట్లో మిషనూ అన్నీ ఎవరెవరి వేళ్ళ సందుల్లోంచో రాలిపడ్డ నిప్పురవ్వల్లోంచే వచ్చాయి. అందుకే చిల్లు చూస్తే మనిషి తెలిసిపోయేవాడు. మొదట్లో చిల్లులు ఒళ్ళో ఉండేవి, రొమ్ము మీద ఉండేవి. దర్జాగా పడక్కుర్చీలో వాలి, కాలు మీద కాలు వేసుకుని, కాలుస్తూ కాలుస్తూ కునుకు తీసేవాళ్ళ చిల్లులు, శనగగింజలంతేసి. తర్వాత అవి చేతులకు జరిగాయి. వాళ్ళను గదుల్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీద నుంచి రోడ్డు మీదికి పంపేశాక, గాలికి నిప్పు ఎగిరి మోచేతి దగ్గర, భుజం దగ్గర మిరియపుగింజంత చుక్కలు పడేవి. ఆ తర్వాత వీపు మీదికి వెళ్ళాయి. వానలో ఒకే చూరు కింద అందరూ ఒదిగి నిలబడితే ఒకడి సిగరెట్టు ఇంకొకడి వీపుకు తగలక ఏమవుతుంది. చివరికి జేబుల లోపలికి దూరాయి. తండ్రో, మేనేజరో, పెళ్ళామో ఎదురొస్తుంటే వెలుగుతున్నదాన్ని గబుక్కున కుక్కేసుకున్న చిల్లులవి. పొగ తాగేవాళ్ళ మీద ఎప్పుడు ఏ చట్టం వచ్చిందో పిన్ని పేపర్లో చదవలేదు. చిల్లులు ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతున్నాయో చూస్తూ తెలుసుకుంది.

ఆ చూరు ఆవిడ కొట్టుదే. దుకాణాల సముదాయంలో మెట్ల కింద దొరికిన జానెడు చోటు, "ఇచ్చట రఫ్ఫు చేయబడును" అన్న బోర్డు, ముందు ఒక రేకు చూరు. లోపల ఎక్కడా కాల్చకూడదన్నారు, గేటు దగ్గరా వద్దన్నారు, చెట్ల కింద వద్దన్నారు. అన్ని చోట్ల నుంచీ తరిమితే ఆ సముదాయంలో పనిచేసేవాళ్ళంతా వచ్చి వచ్చి పిన్ని చూరు కింద తేలారు. పక్కనే కళ్ళజోళ్ళ కొట్టాయన రోజూ సాధించేవాడు. "మీరు గట్టిగా ఒక్క మాటంటే వెళ్ళిపోతారు పిన్నిగారూ, మీరే మొహమాటపడుతున్నారు." "అన్నం పెట్టేవాళ్ళను గట్టిగా ఏమంటాం బాబూ" అనేది పిన్ని. ఆయన అది ఎగతాళి అనుకుని నవ్వేవాడు, ఆవిడ నిజమే చెప్పేది. పొగ లోపలికి రాకుండా సగం తలుపు మూసుకునేది, అప్పుడప్పుడు దగ్గేది, దగ్గిన ప్రతిసారీ బయట కబుర్లు ఆగి నాలుగడుగుల దూరం జరిగిన చప్పుడు వినిపించేది. ఎక్కడికి పోయినా నాలుగు తిట్లు తినేవాళ్ళు కాబట్టి వాళ్ళకు మర్యాద ఎక్కువ. రేకు తలుపు మొండికేస్తే ఎత్తిపెట్టేవాళ్ళు, కరెంటు పోతే ఫోను దీపం పట్టుకుని నిలబడేవాళ్ళు, గిరాకీ కోటు మీద బూడిద పడుతుందేమోనని చెయ్యి బయటికి చాపి కాల్చేవాళ్ళు, వానలో చెయ్యి తడుస్తున్నా సరే. ఆ చేతులన్నీ ఇప్పుడు వరసగా కనిపిస్తున్నాయి పిన్నికి, పట్టీ కింద, మూసిన రెప్ప వెనక. చూపు లేకపోయినా ఇవి మాత్రం ఎంత తేటగా ఉన్నాయో.

"సిగ్గుండాలి!" ఆడగొంతు, పక్కనే చిన్నపిల్లల చెప్పుల కీచుకీచు. "ఆసుపత్రి ముందు కూడానా? పెద్దావిడ కంటికి కట్టు కట్టించుకుని కూర్చుంటే మొహాన పొగ వదులుతున్నావు. ఇంట్లో ఆడవాళ్ళు లేరా నీకు?" పిన్నికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఎవరిని ఎవరి కోసం తిడుతున్నారో చూడు. తిట్టేవాళ్ళకు ఎప్పుడూ ఒక పెద్దావిడ కావాలి, ఒక పసిపిల్ల కావాలి, పక్కన ఊరికే కూర్చున్న మనిషి కావాలి. "నన్ను అడిగే కాలుస్తున్నాడమ్మా" అంది. "మీరు మంచివాళ్ళు కాబట్టి ఊరుకున్నారండీ" అంటూనే ఆవిడ పిల్ల ముక్కు మూసి గబగబా లాక్కుపోయింది. ఆవిడదీ తప్పు కాదు. పిల్ల తల్లి. ఆ కాలంలో ఉయ్యాల పక్కన నిలబడి ఆ మాట అనడానికి తనకు నోరు రాలేదు, ఈ అమ్మాయికి వచ్చింది, సంతోషించాల్సిందే. ఆ కేకలకు కాబోలు, గేటు దగ్గరి వాచ్‌మన్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, కాల్చేవాళ్ళు గీత అవతలికి పొమ్మని ఎన్నిసార్లు చెప్పాలి?" "గీత అవతలే ఉన్నానన్నా, చూడు." గొంతు చిన్నబోయింది, తగువు పడే ఓపిక కూడా లేని గొంతు. "అవతలంటే ఇది కాదు, ఆ మలుపు దాటాలి. నడు." మలుపు దాటితే లోపలి నుంచి పిలిచినా వినపడదు. పిన్ని నోటికి ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. "ఉండనివ్వు నాయనా. అతను నాకు తోడు." "మీ మనిషా అమ్మా?" "నా మనిషే." కర్ర చప్పుడు వెనక్కి వెళ్ళిపోయింది.

నా మనిషి. ఆ మాట అని ఎన్నాళ్ళయింది. ఆయన సినిమాహాల్లో రీళ్ళు తిప్పే ఆపరేటరు. ఆ గదిలో అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం కాదు, హాలే పోతుంది. అందుకని హాలు వెనక ఇనుపమెట్ల మీదే ఆయన పొగంతా. అప్పట్లో పిన్ని మేనత్త దగ్గర రఫ్ఫు నేర్చుకుంటోంది. ఆయన మొదటిసారి తెచ్చింది జేబు కాలిన చొక్కా, మేనేజరు వస్తుంటే కుక్కేసుకున్నదట. కొన్నాళ్ళకు మోచెయ్యి. ఇంకొన్నాళ్ళకు ఒడి. "ఈయన సిగరెట్టు కాలుస్తాడా, సిగరెట్టే ఈయన్ని కాలుస్తుందా" అనేది మేనత్త. ఆ తర్వాత తెచ్చిన చొక్కాకు సరిగ్గా రెండు భుజాల నడుమ, వీపు మీద చిల్లు. పిన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అందులోంచి అవతలి వీధి కనిపించింది. వీపు మీది చిల్లుకు తిన్నగా ఎదురుగా రొమ్ము మీద ఇంకో చిల్లు. "ఇది ఒంటి మీద ఉండగా కాలి ఉంటే మీరీపాటికి బతికి ఉండకూడదండీ" అంది. చెవుల దాకా ఎర్రబడి, గాలికి అంటుకుందని గొణిగాడు. వంకెకు తగిలించిన చొక్కాను పనిగట్టుకుని కాల్చుకుని తెచ్చిన పిచ్చిమనిషి, రెండు పొరలూ అంటుకుంటాయన్న ఇంగితం కూడా లేకుండా. మేనత్త నోట్లో దారం కొరుకుతూ కొరుకుతూ పొలమారి నవ్వింది. ఆ చొక్కా రఫ్ఫు చేయడానికి పిన్ని కావాలనే చాలా రోజులు పట్టించింది. కొడుకు పుట్టాక ఆయన ఇంట్లో ఒక్కనాడూ వెలిగించలేదు. చిన్నమామగారి మబ్బు చూశాక ఆయన మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం నుంచీ వీధిమెట్ల మీదే. లోపలికి రాబోయే ముందు నోరు పుక్కిలించి, చొక్కా మార్చుకుని గానీ పిల్లవాణ్ణి ఎత్తుకునేవాడు కాదు. ఇల్లు అద్దెకిచ్చి పైవాటాలో ఉన్న ఇంటావిడకు పొగంటే గిట్టదు, కిటికీలు చప్పుడు కాకుండా మూసుకునేది. ఒక్క మాట అనలేదు. ఒకరోజు చూస్తే మెట్టు వారన ఇసుక పోసిన రేకుడబ్బా పెట్టి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఇసుక నల్లబడితే మార్చింది కూడా ఆవిడే. ఆ డబ్బాలో ఎంత దయ ఉందో అప్పుడు వయసులో తెలియలేదు పిన్నికి. తర్వాత దగ్గు మొదలైంది, అది ఆయన్ని వదిలిపెట్టలేదు. ఏ పొగ ఆయన్ని మేనత్త కొట్టు దాకా నడిపించిందో ఆ పొగే పట్టుకుపోయింది. ఆ పొగ మీద పిన్నికి ఇసుమంత ప్రేమ లేదు, ఈనాటికీ లేదు. కానీ చివరి రోజుల్లో ఆయన వెలిగించని సిగరెట్టు వేళ్ళ సందున పెట్టుకుని ఆ మెట్ల మీద కూర్చుంటే, దారినపోయేవాడొకడు "ఇంకా బుద్ధి రాలేదా" అని పోతే, ఇంటావిడ కిందికి దిగివచ్చి ఆయనకు ఒక మెట్టు పైన ఊరికే కూర్చుంది, చీకటి పడేదాకా. ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలని ఇప్పుడనిపిస్తోంది, ఈ సిమెంటు బెంచీ మీద. ఇప్పుడావిడ ఎక్కడుందో.

చేతులు. పిన్ని తన చేతులు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకుంది. అక్కడి చర్మం సూది పోట్లకు గరుకు తేలి ఉంటుంది. వేళ్ళకు ఇంకా అంతా గుర్తుంది, కంటిదే అనుమానం. మనుషుల్ని పోల్చుకునే చూపు మాత్రమే వస్తే? కొడుకు "ఇంక చాలమ్మా, ఇంటిపట్టున హాయిగా కూర్చో" అంటాడు, ప్రేమగానే అంటాడు. హాయిగా కూర్చోవడం ఎలాగో పిన్నికి ఎవరూ నేర్పలేదు. ఒక బట్ట చేతికిస్తే అది ఎక్కడ నొచ్చుకుందో వెతికి మాన్పడం తప్ప ఆవిడకు ఇంకేమీ రాదు. అది పోతే మిగిలేది ఒక కుర్చీ, అందులో ఒక పెద్దావిడ. కుడికంటికి పొర కమ్ముతోందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. సూది బెజ్జం దొరక్క ఒక పూటంతా అవస్థపడుతుంటే చూరు కింద కాలుస్తున్న కుర్రాడు, ఇళ్ళకు పార్సిళ్ళు చేరవేసేవాడు, సగం తలుపు మీదుగా చెయ్యి చాపి "ఇటివ్వండి పిన్నిగారూ" అన్నాడు. ఎక్కించి ఇచ్చి ఏమీ జరగనట్టు పోయాడు. మర్నాడు ఆవిడ కొట్టు తెరిచి కూర్చుని ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటుండగానే ఇంకొకడు వచ్చాడు, తర్వాత ఇంకొకడు. సిగరెట్టు చూరు కింద ఉంచిన రేకుడబ్బా అంచు మీద ఆనించి, ఒక సూది ఎక్కించి గుచ్చుదిండుకు గుచ్చి, మళ్ళీ సిగరెట్టు అందుకునేవాళ్ళు. తెలుపు, నలుపు, బూడిదరంగు, ముదురునీలం. సాయంత్రానికి దిండు నిండా దారాలు వేలాడుతుండేవి. వాళ్ళలో వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఎవరికి చెప్పారో, ఆవిడ ఎదుట ఒక్క మాట రాలేదు. ఆవిడ గమనించనట్టే ఉంది, వాళ్ళు ఏమీ చేయనట్టే ఉన్నారు. చిక్కల్లా కోడలితో వచ్చింది. ఒకరోజు అన్నం గిన్నె తీసుకుని కొట్టుకు వచ్చి, ఒక దారం కొస ముక్కు దగ్గర పెట్టుకుని, "అత్తయ్యా, ఈ దారానికి సిగరెట్టు కంపు ఎక్కడిది?" అంది. అంతలో బయట చూరు కింద ఒక పెద్ద ఆకారం, మూటలు దించే మనిషి, నాలుక కొస బయటపెట్టి, ఒక కన్ను మూసి, తన వేళ్ళలో కనపడకుండా పోయిన సూదితో కుస్తీ పడుతూ కనిపించాడు. కోడలు అతన్ని చూసింది, దిండును చూసింది, అత్తగారి మొహం చూసింది. ఆ మర్నాడే ఈ ఆసుపత్రికి తీసుకొచ్చింది. వాళ్ళే గనక సూదులు ఎక్కించకపోయి ఉంటే, ఆ దారాలకు ఆ కంపే లేకపోయి ఉంటే, రెండో కన్ను కూడా చడీచప్పుడు లేకుండా పోయేది.

పిన్ని తల చటుక్కున ఎత్తింది. పొగాకు కాదు. కాలిన వెంట్రుకల వాసన. "నాయనా, ఉన్ని కాలుతోంది. నీ ఒంటి మీదే. చూసుకో!" అంది. గబగబా దులుపుకున్న చప్పుడు, "అయ్యో" అన్న మాట. "ఎక్కడ? ఇటు రా, చెయ్యి ఇటు పెట్టు." అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. పిన్ని వేళ్ళు స్వెట్టరు చేతి మీదుగా పాకి ఆ చోటు దగ్గర ఆగాయి. గట్టిపడ్డ అంచు, మధ్యలో ఖాళీ. చేతి అల్లిక, మిషనుది కాదు. "ఇంట్లో అల్లిందా?" "మా ఆవిడ అల్లింది." "కాల్చడం కూడా మరిచిపోయానమ్మా. ఊరికే పట్టుకుని నిలబడ్డాను. చేతికో పని ఉంటుందని." లిఫ్టులు బాగుచేస్తాడట. కూతురు ఆడుకుంటుంటే కంట్లో పుల్ల గుచ్చుకుంది. లోపల డాక్టర్లు చూస్తున్నారు. "మీరు వణుకుతుంటే పాప ఇంకా భయపడుతోంది, బయటికి పొండి అంది మా ఆవిడ. నిజమే, తీగలు తెగి వేలాడే లిఫ్టు మీద నిలబడ్డప్పుడు కూడా నా చెయ్యి ఇలా వణకలేదు." పిన్ని ఆ చెయ్యి వదల్లేదు. ఏమని చెబుతుంది. బాగైపోతుందని అనడానికి తన కంటి సంగతే తనకు తెలియదు. "నాదీ ఇంకాసేపట్లో తెలుస్తుంది" అంది, అంతే. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. చూరు కింద నిలబడ్డ ఏ ఒక్కరి చేతినీ తాను ఇన్నేళ్ళలో ఇలా పట్టుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు. ఇదొక్కటే దొరికింది, దీన్నే గట్టిగా పట్టుకుంది.

ఈతకొలను నీళ్ళలో కలిపే మందు వాసన వచ్చిందంటే కోడలు వచ్చినట్టే. "అత్తయ్యా, పిలిచారు, లేవండి. ఇదేమిటీ కంపు... ఏమండీ, కాస్త దూరంగా కూర్చోకూడదూ? ఆవిడకు నిన్ననే ఆపరేషన్ అయింది." "అతని కూతురు లోపలుంది" అంది పిన్ని. కోడలి గొంతు మారింది, కొలను గట్టున భయపడే పిల్లలతో మాట్లాడే గొంతు. "బొమ్మ కంటికి కూడా కట్టు కట్టమని పేచీ పెట్టిన పాపా?" "మా పాపేనండీ." "బొమ్మకు కట్టేశారు. పాపను కూడా చూసేశారు, గుచ్చుకుంది తెల్లగుడ్డు మీదేనట, చూపుకు భయం లేదంటున్నారు. మీ ఆవిడ మీ కోసం వరండా అంతా వెతుకుతోంది, వెళ్ళండి." అతను లేచిన చప్పుడు, రెండడుగులు వేసిన చప్పుడు. "ఆగండి" అంది కోడలు కటువుగా. "ముందు నోరు పుక్కిలించండి. ఇదిగో నీళ్ళు. సీసా మీ దగ్గరే ఉంచుకోండి." అతను పుక్కిలిస్తూ ఏడ్చాడో, ఏడుస్తూ పుక్కిలించాడో పిన్నికి తెలియలేదు. కోడలు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి లేపింది. "ఎవరితోనూ కబుర్లు వద్దన్నానా లేదా?" అంది, కానీ ఆ పిల్ల చెయ్యి ఎప్పటికన్నా మెత్తగా ఉంది.

లోపల చల్లగా ఉంది, మందుల వాసన. కుర్చీలో వెనక్కి వాల్చారు. కోడలు తలుపు దగ్గరే నిలబడింది, ఊపిరి బిగబట్టి. నీళ్ళలో పిల్లలకు నేర్పే విద్య ఇక్కడ తనకే అక్కరకొచ్చింది. "భయపడకండి" అంది డాక్టరమ్మ, పట్టీ అంచు మెల్లగా లేపుతూ. ముందు వెలుతురు వచ్చింది, వట్టి వెలుతురు, నీళ్ళు నిండిన వెలుతురు. ఇంతేనా. రెప్ప ఆడించింది, ఇంకోసారి ఆడించింది. తెల్లగా ఏదో కదిలింది. ఆ తెలుపులో గీతలు. ఏటవాలు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఒత్తుగా, పొందిగ్గా. గీతలు కావవి, నేత. ఏటవాలు నేత. పడుగు వేరు, పేక వేరు, ఒకదాని మీదుగా ఒకటి దూకుతున్నాయి, ఒక్కొక్క పోగూ దేనికది. "ఎన్ని వేళ్ళు కనిపిస్తున్నాయి చెప్పండి" అంటోంది డాక్టరమ్మ, మొహం ముందు చెయ్యి పెట్టి. పిన్ని చూపు వేళ్ళ మీద ఆగలేదు. తెల్లకోటు చేతి అంచు దగ్గర, మణికట్టు లోపలివైపు, మడత కిందికి సగం దాగి, ఆవగింజకు కాస్త పెద్దది, చుట్టూ లేత గోధుమరంగు అంచు. సిగరెట్టుది. ఇలాంటివీ వచ్చేవి కొట్టుకు, అరుదుగా. సిగరెట్టును అరచేతిలోకి తిప్పి దాచుకుని కాల్చే చేతికి కాలేది అక్కడే. తెచ్చిన ఆడవాళ్ళు ఎవరూ తమదని చెప్పేవాళ్ళు కాదు. నడుము దగ్గర ఆడకుట్టు ఉన్న కోటు బల్ల మీద పెట్టి, "మా తమ్ముడిదండీ" అనేవాళ్ళు. ఆ బెంచీ దగ్గరి మగవాడికే అన్ని మాటలు పడితే, ఈ పిల్ల, ఈ తెల్లకోటుతో, ఎక్కడ నిలబడుతుంది? ఏ నీళ్ళ ట్యాంకు వెనక, ఏ గోడ మూల? ఎందరి కళ్ళు విప్పి, ఎన్ని చెడ్డ కబుర్లు చెప్పి వచ్చి, ఆ రెండు నిమిషాలు కూడా చెయ్యి దాచుకునే గడుపుతుందా? పిన్ని కుడికంట్లోంచి ధారగా నీళ్ళు కారాయి. "అత్తయ్యా!" అని కోడలు ముందుకు అడుగేసింది. "ఎన్ని వేళ్ళమ్మా?" డాక్టరమ్మ గొంతులో కంగారు తొంగిచూసింది. పిన్ని చెయ్యి చాపి ఆ చేతిని అందుకుంది. తడుముకోకుండా, తిన్నగా, బొటనవేలు ఆ చిల్లు మీద పడేలా మూసి పట్టుకుంది. "మూడు" అంది పైకి, కోడలికి వినపడేట్టు. తర్వాత డాక్టరమ్మకు మాత్రమే వినపడేట్టు, "మడత లోపల బోలెడు పోగులున్నాయి తల్లీ. కోటు ఒకసారి నా కొట్టుకు పంపించు. ఎక్కడ కాలిందో నీక్కూడా తెలియదు" అంది.

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కోడలి వైపు తిరిగి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నాక ఈవిడ సూది పట్టుకోవచ్చండీ" అంది.